పువ్వన్న వెనక్కి ఇచ్చిన బంతి

అందరికీ నమస్కారం.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కొంచెం ముందుకు రండి. ఈ హాల్లో ఉన్నవి నూట ఇరవై కుర్చీలే. అన్నీ నిండవేమో అని పొద్దున ఆఫీసు గుమాస్తాగారు, నేను అనుకున్నాం. ఇప్పుడు చూస్తే మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. పువ్వన్న ఉండి ఉంటే తల గోక్కుని, "వీళ్లందరూ మ్యాచ్‌కి వచ్చుంటే ఎంత బావుండేది" అనేవారు.

మొదటి వరుసలో వదిన ఉన్నారు. పక్కన వాళ్లమ్మాయి ఉంది. వాళ్ల ఎదుట నిలబడి, ఆయన గురించి "ఉండేవారు", "అనేవారు" అనాల్సి వస్తోంది. నోరు తిరగడం లేదు. పోయిన గురువారం పొద్దున పనికి బయలుదేరబోతూ, షూ లేసులు కట్టుకుందామని కుర్చీలో కూర్చున్నారు. ఒకటి కట్టుకున్నారు. రెండోది కట్టుకోలేదు. వంటింట్లోంచి వదిన వచ్చి చూసేసరికే అయిపోయింది. అరవై ఒక్కేళ్లు. అది వెళ్లిపోయే వయసా?

నేనెవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. నేను ఈ క్లబ్‌కి గోల్‌కీపర్‌గా ఆడాను. ఇప్పుడు ఇక్కడే గోల్‌కీపర్లకి ఆట నేర్పుతున్నాను. ఆయన మా మిడ్‌ఫీల్డర్. ఆయన ఆడుతుంటే నాకు ఎప్పుడూ కనబడింది ఆయన వీపే. ఎనిమిదో నంబరు చొక్కా, కాస్త వంగిన ఎడమ భుజం. మనిషి ముఖం కంటే వీపు ఎక్కువ గుర్తుండటం వింతే. కానీ గోల్‌కీపర్ బతుకు అంతే కదా.

ఆయనకి పువ్వు అని పేరు ఎందుకు వచ్చిందో ఇక్కడ చాలామందికి తెలియదు. మెత్తటి మనిషి కాబట్టి అని కొందరు అనుకుంటారు. కాదు. మా బట్టలు ఉతికే పెద్దాయన ఒకరు ఉండేవారు, అందరం మామా అనేవాళ్లం. పందొమ్మిదేళ్ల వయసులో పువ్వన్న మొదటిసారి ప్రాక్టీసుకి వచ్చిన రోజు, మామ తీగ మీద చొక్కాలు ఆరేస్తూ చూశారట. ఈ కొత్త కుర్రాడు బంతి తన దగ్గర లేనప్పుడు కూడా మెడ అటొకసారి ఇటొకసారి తిప్పుతున్నాడు. ఒక్క క్షణం ఊరుకోడు. "వీడేంట్రా, పొద్దుతిరుగుడు పువ్వులాగా" అన్నారు మామ. అంతే. పొద్దు పోయింది, తిరుగుడు పోయింది, పువ్వు మిగిలింది. ఆరడుగుల సెంటర్ బ్యాకులు, గడ్డాలు పెంచిన ఫార్వర్డులు, మైదానం అంతా వినబడేలా "పువ్వా, ఇటివ్వు" అని అరిచేవాళ్లు. అవతలి జట్టువాళ్లు మొదట నవ్వేవాళ్లు. పది నిమిషాలయ్యాక నవ్వేవాళ్లు కాదు.

ఎందుకు తిప్పేవారు మెడ? బంతి వచ్చాక చూసేవాడికి ఆలోచించే టైము ఉండదు. రాకముందే చూసినవాడికి ఉంటుంది. ఆయనకి పరుగు తక్కువ. మా జట్టు మొత్తంలో ఆయనకంటే నెమ్మదిగా పరిగెత్తేది డాక్టరుగారు ఒక్కరే, అదీ మందుల పెట్టె మోస్తూ. తల తిప్పడంలో మాత్రం ఆయన్ని కొట్టినవాడు లేడు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి కాలు నొప్పిగా ఉందో, ఎవరు అలిసిపోయారో, ఎవరు పొద్దున ఇంట్లో గొడవపడి వచ్చారో అన్నీ తెలుసు ఆయనకి.

పదమూడేళ్లు ఈ క్లబ్‌కి ఆడారు. నాలుగు వందల పైచిలుకు మ్యాచ్‌లు. గోల్స్ ఎన్నో తెలుసా? పదకొండు. ఈ హాలు గోడల మీద ఉన్న ఫోటోలు చూడండి. గోల్ కొట్టి గాల్లోకి ఎగిరినవాళ్లు, కప్పు ఎత్తినవాళ్లు, ఒకరి మీద ఒకరు పడ్డవాళ్లు. అందులో పువ్వన్నని వెతకండి. ఒకదాంట్లో సగం భుజం దొరుకుతుంది. ఇంకోదాంట్లో వెనక ఎక్కడో మసగ్గా, నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వుతుంటారు. ఎందుకంటే ఆ బంతి ఇచ్చింది ఆయన. ఇచ్చాక ఆయన పని అయిపోయింది.

మా పాత ఫార్వర్డ్ అక్కడ, మూడో వరుసలో కూర్చున్నాడు. తల మీద జుట్టు లేదు కాబట్టి గుర్తుపట్టడం కష్టం. ఒక ఏడాది అతనికి తొమ్మిది మ్యాచ్‌లు గోల్ పడలేదు. అన్నం సయించేది కాదు. పత్రికలవాళ్లు ఏకిపారేశారు. పదో మ్యాచ్‌లో పువ్వన్న దగ్గరికి బంతి వచ్చింది. అవతలి గోల్‌కీపర్ పడిపోయాడు. ఎదురుగా ఖాళీ గోల్. కళ్లు మూసుకుని తన్నినా పడుతుంది. ఆయన తన్నలేదు. పక్కకి, మా ఫార్వర్డ్ కాళ్ల దగ్గరికి, అన్నం ముద్ద నోటికి అందించినట్టు అందించారు. గోల్. మ్యాచ్ అయ్యాక మా కోచ్‌గారు ఆయన్ని పట్టుకుని చెడామడా తిట్టారు. అది గనక తప్పిపోయి ఉంటే ఏమయ్యేది అని. పువ్వన్న అంతా విని, "నేను కొడితే ఒక గోలే కదండీ. వాడు కొడితే ఇంక వరసగా కొడతాడు" అన్నారు. ఆ ఏడాది మిగిలిన మ్యాచ్‌ల్లో మా ఫార్వర్డ్ పద్నాలుగు గోల్స్ కొట్టాడు.

మిత్రులారా, ఇక్కడిదాకా చెప్పినవి మీలో చాలామందికి తెలిసినవే. నేను ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకున్నది ఇవి చెప్పడానికి కాదు. మీకు తెలియనిది ఒకటి ఉంది. సంతాప సభలో మాట్లాడేవాడు తన గొడవ తను చెప్పుకోకూడదు. నాకు తెలుసు. కానీ ఈ ఒక్కటి నేను చెప్పకపోతే చెప్పడానికి ఇంకెవరూ లేరు.

ఆ వాన మ్యాచ్.

చూడండి, పేరు ఎత్తగానే సగంమంది తల దించుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్లు అయింది. అప్పుడు పుట్టనివాళ్లకి కూడా ఆ కథ తెలుసు. సీజన్‌లో ఆఖరి మ్యాచ్. ఓడితే క్లబ్ రెండో డివిజన్‌కి పడిపోతుంది. గెలవక్కర్లేదు, సమానంగా ముగిస్తే చాలు. ఎనభై ఐదు నిమిషాలు ఒక్క గోల్ కూడా పడకుండా కాపాడుకున్నాం. కుండపోత. మైదానం బురద. పువ్వన్న దగ్గరికి బంతి వచ్చింది, ఇద్దరు మీదపడ్డారు. ఆయన బంతిని వెనక్కి, గోల్‌కీపర్‌కి ఇచ్చారు. బంతి గోల్‌కీపర్‌ని దాటి గోల్లోకి వెళ్లిపోయింది. సొంత గోల్. క్లబ్ పడిపోయింది. బంతిని మరీ గట్టిగా తన్నాడు, గోల్‌కీపర్ పాపం ఏం చేస్తాడు అన్నారు అందరూ. పత్రికల్లో అదే రాశారు. రికార్డు పుస్తకంలో అదే ఉంది.

ఆ గోల్‌కీపర్‌ని నేను.

ఆ బంతి గట్టిగా రాలేదు.

మళ్లీ చెబుతాను, వెనక ఉన్నవాళ్లకి వినబడాలి. ఆ బంతి గట్టిగా రాలేదు. ఎంత వేగంతో రావాలో అంత వేగంతోనే వచ్చింది. ఆ బురదలో, ఇద్దరు మీదపడుతుంటే, ఆయన దాన్ని తిన్నగా నా కుడి కాలికి పంపారు. నేను కుడికాలి వాటం మనిషినని ఆయనకి తెలుసు. నేనే బంతిని చూడలేదు. అది నా దగ్గరికి రాకముందే, దాన్ని ఎటు తన్నాలా అని తలెత్తి చూశాను. బంతి నా కాలి కింద నుంచి జారిపోయింది. వెనక్కి తిరిగేసరికి గీత దాటింది. మా సెంటర్ బ్యాక్ బురదలో పడి ఉన్నాడు, అతను చూడలేదు. ఉన్నది ఒకటే కెమెరా, అదీ అవతలి వైపు, మధ్యలో మా వాళ్ల కాళ్లు. ప్రేక్షకులకి కనబడింది వానలో ఒక బంతి గోల్‌కీపర్‌ని దాటి పోవడం, అంతే. అసలు జరిగింది తెలిసింది ఇద్దరికే. నాకు, ఆయనకి.

ఇక్కడ, ఈ హాలు కిందే మా డ్రెస్సింగ్ రూమ్. పదకొండు మందిమి బెంచీల మీద కూర్చున్నాం. ఎవరూ బట్టలు మార్చుకోలేదు. చొక్కాల నుంచి నీళ్లు కారి నేల మీద మడుగు కట్టింది. కోచ్‌గారు గుమ్మంలో నిలబడి, "ఎవరిదిరా అది" అన్నారు. ఒకే మాట. నేను నోరు తెరిచాను. ఆ మాట మీరు నమ్మాలి. నిజంగానే తెరిచాను. పువ్వన్న నా పక్కనే కూర్చుని ఉన్నారు. బూటు విప్పుకోలేదు ఇంకా. ఆ మేకుల బూటుతో నా పాదం మీద గట్టిగా తొక్కి, "నాదేనండీ. తడి నేల, అంచనా తప్పింది. గట్టిగా తన్నేశాను" అన్నారు.

నేను నోరు మూసుకున్నాను.

తర్వాత స్నానాల గది ముందు నడవాలో ఆయన చేయి పట్టుకుని, ఎందుకు చెప్పావన్నా అని అడిగాను. ఏడుస్తున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. రెండేళ్లు బెంచ్ మీద కూర్చున్నాక గోల్ ముందు నిలబడ్డ మొదటి సీజన్ అది. ఆయన నా తల తువ్వాలుతో తుడుస్తూ చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "గోల్‌కీపర్ తప్పు చేస్తే జనం ఆ తప్పే గుర్తుపెట్టుకుంటార్రా. ఇంక నీకు ఎవరూ గ్లవ్స్ ఇవ్వరు. నాదేముంది, నేను రేపు ఇంకో వంద పాసులు ఇస్తాను, ఇది అందులో కలిసిపోతుంది."

కలిసిపోయిందా? మీరు చెప్పండి. కలిసిపోయిందా?

ఆట మానేశాక ఇక్కడే పిల్లల జట్టుకి కోచ్‌గా ఉండమని క్లబ్ ఆయనకి మాటిచ్చింది. ఆ మాట వెనక్కి తీసుకున్నారు. పదమూడేళ్లు ఆడిన మనిషిని, రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చి పంపించేశారు. ఆయన బస్సులో మూడు గంటలు ప్రయాణం ఉన్న చిన్న ఊరి క్లబ్‌లో చేరి, మోకాలు అరిగిపోయేదాకా ఇంకో మూడేళ్లు ఆడారు. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. మరో పద్నాలుగేళ్లు ఆడాను. తర్వాత కోచ్‌ని అయ్యాను. ఆయనకి రావాల్సిన గది నాకు వచ్చింది. ఆ గది కిటికీ మైదానం వైపు తెరుచుకుంటుంది. ఇన్నేళ్లలో నేను ఆ కిటికీ దగ్గర కూర్చుని సుఖంగా టీ తాగిన రోజు లేదు.

ఆయన ఆ చిన్న క్లబ్‌తో ఇక్కడికి ఆడటానికి వచ్చిన రోజు గుర్తుందా? బంతి కాలికి తగిలినప్పుడల్లా ఈలలు. వెనక్కి పాస్ ఇస్తే చాలు, స్టేడియం అంతా "గట్టిగా, గట్టిగా" అని అరుపులు. ఆ రోజు ఈలలు వేసినవాళ్లు కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. కంగారు పడకండి, పేర్లు చెప్పను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ముందు భుజాలు తడుముకోవాల్సింది నేనే. అవతలి గోల్లో నిలబడి అవన్నీ విన్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మ్యాచ్ అయ్యాక ఆయనే నా దగ్గరికి నడిచి వచ్చారు. నా గ్లవ్స్ మీద తట్టి, "మూడు బాగా ఆపావు. రెండోదానికి ఎడమ కాలు ముందు పడింది, అది మార్చుకో" అన్నారు.

ఆట మానేశాక ఆయన డ్రైవింగ్ స్కూల్లో చేరారు. ఇరవై ఆరేళ్లు అదే పని. ఈ హాల్లో సగంమందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. కారు ఆగిపోతే తిట్టరు. గేరు తప్పితే తిట్టరు. అద్దం చూడకపోతే మాత్రం, "తల్లీ, వెనక కూడా లోకం ఉంది" అనేవారు. ఆ కిటికీ పక్కన ఒక నర్సమ్మగారు కూర్చున్నారు. రిటైరయ్యాక, యాభై ఎనిమిదో ఏట కారు నేర్చుకున్నారు. మూడుసార్లు పరీక్ష తప్పారు. నాలుగోసారి పాసైతే, పువ్వన్న రోడ్డు మధ్యలో చప్పట్లు కొట్టారట. కప్పు గెలిచినప్పుడు కూడా ఆయన అంత సంబరపడింది నేను చూడలేదు.

ఆ నర్సమ్మగారికి నేను ఒక క్షమాపణ చెప్పుకోవాలి. నన్ను కోచ్‌గా వేసిన వారం, నేను ఇంక ఆగలేక డ్రైవింగ్ స్కూలుకి వెళ్లాను. ఇక్కడ కోచ్‌గా ఉండాల్సింది నువ్వన్నా, నేను వెళ్లి అందరికీ నిజం చెప్పేస్తాను అని చెబుదామని. ఆయన అప్పుడే పాఠానికి బయలుదేరుతున్నారు. వెనక సీట్లో ఎక్కమన్నారు. ఎక్కాను. స్టీరింగ్ ముందు ఈవిడ. నేను "అన్నా, ఆ మ్యాచ్" అన్నాను. కారు ఆగిపోయింది. ఇంకోసారి "అన్నా" అన్నాను. మళ్లీ ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్. పువ్వన్న అద్దంలో నన్ను చూసి, "నువ్వు నోరెత్తితే ఆవిడ కాలు వణుకుతోంది. కాసేపు కూర్చోరా" అన్నారు. అమ్మా, ఆ రోజు మీ తప్పేమీ లేదు. నాదే.

పాఠం అయ్యాక, కారు నీడకి పెట్టి, అంతా విన్నారు. విని, "ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది? నీ దగ్గర నేర్చుకునేవాళ్లకి నీ మీద గురి పోతుంది. వదిలెయ్. నాకీ పని బావుంది" అన్నారు. నాకు ఏమనిపించిందో చెప్పనా? హాయిగా అనిపించింది. ఆయన వద్దన్నారు, ఇంక నేను చెప్పక్కర్లేదు అని. ఆ హాయిని తలుచుకుంటే ఇవాళ సిగ్గేస్తోంది. ఒక మనిషి మంచివాడైతే, పక్కనున్నవాడు పిరికివాడుగా ఉండిపోవడం ఎంత సులువో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆయన వెళ్లిపోయిన మూడో రోజు నేను వదిన దగ్గరికి వెళ్లాను. భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నీళ్లు నమిలాను. చివరికి చెప్పాను. ఆవిడకి తెలిసే ఉంటుందనుకున్నాను. భార్యకి చెప్పకుండా ఉంటారా?

ఆవిడకి తెలియదు.

బల్ల మీదున్న నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కున్నారు. తర్వాత అన్నారు, "మరిదీ, ఈ బల్ల మీద ఆయన నీళ్ల గ్లాసు నా వైపు తోసినప్పుడల్లా, మెల్లిగా తొయ్యండి, మీ సంగతి లోకమంతటికీ తెలుసు అని వెక్కిరించేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్లు. ఒక్కసారి కూడా కాదనలేదు. నవ్వేవారు." అలా అంటూ ఆవిడా నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. నేను తలెత్తలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నాకు చెప్పావు, బావుంది. కానీ ఈలలు వేసింది నేను కాదుగా. వేసినవాళ్లందరూ సభకి వస్తారు. అక్కడ చెప్పు" అన్నారు.

వదినా, చెప్పాను.

క్లబ్ పెద్దలు ముందు వరుసలో ఉన్నారు. నా ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం. నేను అడిగేది ఒక్కటే. రికార్డు పుస్తకంలో ఆ గోల్ పక్కన ఆయన పేరు కొట్టేయండి. నా పేరు రాయండి. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. మా ఫార్వర్డ్ ఆ రోజు అక్కడ లేడు కానీ, ఆ బంతి ఎలా వచ్చి ఉంటుందో అతన్ని అడగండి. పువ్వన్న పాస్ అందుకున్న ఏ ఆటగాడినైనా అడగండి.

ఇంకొక్క మాట. ఆ మ్యాచ్ నాటికి అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్కూల్లో పిల్లలు ఏడిపించేవాళ్లు. ఇంటికొచ్చి నాన్నతో మూడు రోజులు మాట్లాడలేదట. ఆ మూడు రోజులు నేను ఆయనకి తిరిగి ఇవ్వలేను. మొన్న వదిన అమ్మాయికి అంతా చెప్పారు. ఆ సాయంత్రం నా ఫోన్ మోగింది. పేరు చూసి తీయలేదు. మళ్లీ మోగింది, తీయలేదు. మూడోసారి తీశాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలి కూడా. "బాబాయ్, సభలో మీరు ఎక్కడో వెనక కూర్చుంటారు, నాకు తెలుసు. అలా కూర్చోకండి. మా పక్కన కూర్చోండి" అంది.

తల్లీ, వస్తున్నాను.

మిత్రులారా, మైదానంలో మౌనం పాటించేటప్పుడు రిఫరీ గడియారం చూసి ఈల వేస్తాడు. ఇవాళ ఈల వద్దు. గడియారమూ వద్దు. ఎంతసేపు నిలబడాలో నేను చెప్పను, క్లబ్ చెప్పదు. ఆయనతో ముప్పై తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి మన ముందు ఉన్నారు. ఆవిడ నిలబడినంతసేపు మనం నిలబడదాం. ఆవిడ కూర్చున్నాక కూర్చుందాం.

అందరూ దయచేసి లేవండి.